తాతయ్య కారు ఎందుకు వణుకుతోంది?

ఈ పాఠంలో ఒక కారు ఇంజన్‌కి వచ్చిన జబ్బు ఏమిటో మనం కనిపెడదాం. అంతా తెలుగులోనే. కూరగాయల పేర్లు, రంగులు, వారాలు, చుట్టరికాలు నీకు ఇప్పటికే వచ్చు. కానీ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు తాతయ్య బానెట్ ఎత్తి, "ఏదో తేడాగా ఉంది, వినపడుతోందా?" అని అడిగితే చాలామంది పిల్లలు "ఊఁ" అని ఊరుకుంటారు. చెవికి వినపడుతుంది, నోటికి మాట రాదు. ఆ మాటలు ఈ పాఠంలో ఉన్నాయి.

ఆ ఊరు మలేసియాలోని బాగన్ దాతుక్ అనుకుందాం. పేరాక్ నది సముద్రంలో కలిసేది అక్కడే. పాతవాళ్ళు ఇంకా బాగన్ దాతో అనే అంటారు. 2017లో అది పేరాక్ రాష్ట్రంలో 12వ జిల్లా అయింది. కొబ్బరి తోటలకు పేరున్న చోటు. ఆ తోటల్లో పనికి ఆంధ్ర తీరం నుంచి ఓడ ఎక్కి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పటికీ అక్కడున్నారు. పెద్ద పనేదైనా పడితే తెలుక్ ఇంతాన్ వెళ్ళాలి. దారికి రెండు పక్కలా కొబ్బరి, ఆయిల్ పామ్. అమ్మమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంటే ఆ దారి మధ్యలో కారు ఆగిపోయిందనుకో, ఎండలో నిలబడాల్సిందే. కాబట్టి మన పాఠం ఉత్త కాలక్షేపం కాదు.

ముందు ఒక మాట: పలచన

ఇంగ్లీషులో "లీన్" అనే మాట నీకు తెలుసు. తెలుక్ ఇంతాన్‌లో ఒక పక్కకు ఒరిగిన గడియారపు గోపురం ఉంది. 1885లో కట్టారు, నీళ్ళ ట్యాంకుగా కూడా వాడారు. దానికీ ఆ మాటే. కొవ్వు లేని మాంసానికీ అదే. ఇంజన్‌కీ అదే. కానీ తెలుగులో మూడింటికీ ఒకే మాట కుదరదు. గోపురం ఒరిగింది. మాంసంలో కొవ్వు లేదు. ఇంజన్‌లో మిశ్రమం పలచనైంది.

పలచన అనే మాట మన వంటింటిది. నీళ్ళు ఎక్కువైతే మజ్జిగ పలచన. నీళ్ళు తక్కువైతే పప్పు చిక్కన. ఇంజన్‌లో నీళ్ళ బదులు గాలి ఉంటుంది, పప్పు బదులు పెట్రోల్. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే "మిశ్రమం పలచనైంది" అంటాం. పెట్రోల్ ఎక్కువైతే "చిక్కనైంది" అంటాం. "ఇంజన్ సన్నగా నడుస్తోంది" అని మాత్రం అనకు. ఎవరికీ అర్థం కాదు!

ఎంత గాలి కావాలి? ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలికి కూడా బరువుంటుందా అని నువ్వు అడుగుతావని తెలుసు. ఉంటుంది, కానీ చాలా తక్కువ. అందుకే ఒక లీటరు పెట్రోల్ కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి పడుతుంది. నువ్వు పడుకునే గదిలో మూడోవంతో నాలుగోవంతో గాలి ఒక్క లీటరు పెట్రోల్‌తో అయిపోతుందన్నమాట. ఇంజన్ అసలు పని గాలి పీల్చడమే. పెట్రోల్ అందులో కొంచెం పోపు వేసినట్టు.

పలచనైతే ఏమవుతుంది? నిప్పు సరిగా అంటుకోదు. నాలుగు సిలిండర్లలో ఒకటి ఒకసారి కాలుతుంది, ఒకసారి కాలదు. అప్పుడు కారు వణుకుతుంది. మెకానిక్కులు దీన్ని "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు ఇంజన్ దానంతటదే ఆగిపోతుంటే "ఐడ్లింగ్ నిలబడటం లేదు" అంటారు. యాక్సిలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోకపోతే "పికప్ లేదు" అంటారు. ఈ మూడు మాటలు గట్టిగా చదువు. రాజమండ్రిలోనైనా వరంగల్‌లోనైనా ఏ షెడ్డులో అన్నా అర్థమవుతాయి. బాగన్ దాతుక్‌లో షెడ్డు బోర్డు మీద మాత్రం మలయ్‌లో "బెంగ్‌కెల్" అని ఉంటుంది.

పలచనగా ఉన్న ఇంజన్‌ని అలాగే నడిపితే ఇంకా పెద్ద నష్టాలున్నాయి. బరువు లాగేటప్పుడు లోపల వేడి పెరిగి వాల్వులు కాలిపోవచ్చు, పిస్టన్ దెబ్బతినవచ్చు. కాలకుండా మిగిలిన పెట్రోల్ పొగగొట్టంలోకి పోయి, అక్కడున్న కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేయవచ్చు. చిన్న రబ్బరు గొట్టంతో పోయేది పెద్ద ఖర్చవుతుంది.

కొబ్బరి బొండం లెక్క

బొండంలో స్ట్రా పెట్టి పీలుస్తున్నావు. నీళ్ళు సరిగా రావడం లేదు. ఎందుకు? రెండు కారణాలు ఉండొచ్చు. స్ట్రాకి ఎక్కడో చీలిక ఉంది, నీళ్ళ బదులు గాలి వస్తోంది. లేదా లేత కొబ్బరి ముక్క అడ్డుపడింది, నీళ్ళే రావడం లేదు. నోటికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. కానీ బాగుచేసే పద్ధతి వేరు. చీలిన స్ట్రాని ఎంత ఊదినా లాభం లేదు. అడ్డుపడిన స్ట్రాకి టేపు చుట్టినా లాభం లేదు.

ఇంజన్ కూడా అంతే. పలచనైందంటే రెండే దారులు: దొంగగాలి లోపలికి వస్తోంది, లేదా పెట్రోల్ సరిగా అందడం లేదు. మొదటిదాన్ని మెకానిక్ "గాలి లాగుతోంది" అంటాడు. ఇంజన్ మీద చాలా రబ్బరు గొట్టాలుంటాయి. బ్రేకు బూస్టర్‌కి ఒక లావు గొట్టం వెళుతుంది. వేడికి ఏళ్ళ తరబడి మగ్గి ఆ రబ్బరు గట్టిపడుతుంది, పెళుసుబారుతుంది, పగులుతుంది. రెండోదానికి కారణాలు వేరు: పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోవడం, పంపు బలం తగ్గడం, కార్బ్యురేటర్‌లో గానీ ఇంజెక్టర్‌లో గానీ మడ్డి చేరడం.

మరి ఏది అని ఎలా తెలుస్తుంది? ఒకే ఒక్క ప్రశ్న వేయాలి: ఎప్పుడు ఎక్కువగా వణుకుతోంది?

కారు నిలబెట్టి ఉంచినప్పుడు ఇంజన్ చాలా తక్కువ గాలి తీసుకుంటుంది. గాలి తలుపు దాదాపు మూసి ఉంటుంది కాబట్టి లోపల పీల్చే బలం చాలా ఎక్కువ. అప్పుడు చిన్న చీలిక ఉన్నా దాంట్లోంచి గాలి జోరుగా దూరుతుంది. లోపలికి వెళ్ళాల్సిన గాలి 100 పాళ్ళు అనుకో, దొంగగాలి 20 పాళ్ళు కలిసింది. అది పెద్ద తేడా. రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది. ఇంజన్‌కి 500 పాళ్ళు కావాలి. పీల్చే బలం తగ్గింది కాబట్టి చీలికలోంచి 10 పాళ్ళే వచ్చాయి. 500లో 10 ఎవరికి లెక్క? అందుకే గాలి లాగే కారు ఆగి ఉన్నప్పుడు వణుకుతుంది, పరిగెత్తేటప్పుడు కుదురుగా ఉంటుంది.

పెట్రోల్ అందని కారు దీనికి తిరగబడి ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు కొంచెం పెట్రోల్ చాలు కాబట్టి బాగానే ఉంటుంది. లారీని దాటాలని గట్టిగా తొక్కితే, లేదా కారు నిండా జనాన్ని ఎక్కించుకుని వంతెన ఎక్కితే, అప్పుడు జెర్కులు ఇస్తుంది.

ఇది చిన్న పరీక్షే, కానీ ఒక్క రూపాయి, క్షమించు, ఒక్క రింగిట్ కూడా ఖర్చు కాదు. వినే చెవి ఉంటే చాలు.

పాత సాగా అయితే

తాతయ్యది పాత ప్రోటాన్ సాగా అనుకుందాం. మలేసియా సొంత కారుగా 1985 జూలై 9న విడుదలైన బండి అది. జపాన్ మిత్సుబిషి నమూనా మీద తయారైంది. మొదటి సాగాల్లో కార్బ్యురేటర్ ఉండేది. లోపం చెప్పే కంప్యూటర్ లేదు. కాబట్టి కన్నూ చెవీ ముక్కూ వాడాలి.

అలాంటి కార్ల కోసం మెకానిక్ ఒక పాత చిట్కా వాడతాడు. ఇంజన్ వణుకుతుండగా చోక్ రేకును కొంచెం మూస్తాడు. చోక్ మూస్తే గాలి తగ్గుతుంది, మిశ్రమం చిక్కనవుతుంది. అప్పుడు వణుకు తగ్గి ఇంజన్ కుదురుకుంటే జబ్బు పలచనే. మూసినకొద్దీ ఇంకా దగ్గి, నల్లపొగ వదిలితే జబ్బు వేరు. తర్వాత స్పార్క్ ప్లగ్గు విప్పి కొన చూస్తాడు. లేత గోధుమరంగులో ఉంటే మంచిది. మసి పట్టి నల్లగా ఉంటే చిక్కన. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పలచన.

ఇక చీలిక వెతకాలి. ఇంజన్ నడుస్తుండగా చెవి పెట్టి వింటే "స్‌స్‌స్" అని సన్నగా వినపడవచ్చు. మెకానిక్ ఒక్కో గొట్టాన్ని శ్రావణంతో నొక్కి చూస్తాడు. ఏ గొట్టం నొక్కితే ఇంజన్ శబ్దం మారి కుదురుకుంటుందో, ఆ గొట్టం వైపు అనుమానం. అనుమానం ఉన్న అతుకు మీద కొంచెం సబ్బునీళ్ళు చిమ్మితే చీలిక ఒక్క క్షణం మూసుకుంటుంది, శబ్దం మారుతుంది. కరెంటు తీగల దగ్గర మాత్రం చిమ్మకూడదు. కొందరు నీళ్ళకు బదులు పెట్రోల్ లాంటి స్ప్రే కొడతారు. వేడి ఇంజన్ మీద అది అంటుకునే ప్రమాదం ఉంది. ఆ పద్ధతి నాకు నచ్చదు.

నువ్వు చూడు, విను, చెప్పు. చేతులు మాత్రం పెద్దవాళ్ళవే పెట్టాలి. తిరిగే బెల్టులూ ఫ్యానూ వేళ్ళ కోసం కాచుకుని ఉంటాయి. జుట్టు ముడి వేసుకో.

కొత్త కారు అయితే, ఒక మోసం

అత్తయ్యది కొత్త కారు. డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. స్కానర్ పెడితే పీ0171 అని వచ్చింది. "మిశ్రమం మరీ పలచన" అని దాని అర్థం. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పలచన అని చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కదా, దాన్నే మార్చేద్దాం అంటారు. అద్దంలో మొహం మీద మరక కనపడితే అద్దం మార్చినట్టు!

ఆ సెన్సర్ పొగగొట్టంలో ఉంటుంది. మామూలు రకం సెన్సర్ పలచనైతే 0.1 వోల్టు దగ్గర, చిక్కనైతే 0.9 వోల్టు దగ్గర చూపిస్తుంది. ఇంజన్ కంప్యూటర్ దాన్ని చూసి, "పలచనగా ఉంది, ఇంకొంచెం పెట్రోల్ వెయ్యి" అని ఇంజెక్టర్‌కి చెబుతుంది. ఎంత ఎక్కువ వేస్తోందో స్కానర్‌లో శాతంగా కనిపిస్తుంది. సున్నాకి అటూ ఇటూ కొంచెం ఉంటే పరవాలేదు. 20, 25 శాతం ఎక్కువ వేసినా చాలకపోతే కంప్యూటర్ చేతులెత్తేసి దీపం వెలిగిస్తుంది.

ఇప్పుడు మోసం ఏంటో చూడు. ఆ సెన్సర్ పెట్రోల్‌ని చూడదు. ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. ఒక సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్గు చచ్చిపోయిందనుకో. ఆ సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ సరిగ్గానే వెళ్ళాయి, కానీ నిప్పు లేదు. కాలని గాలి కాలని గాలిగానే బయటికి వచ్చింది. అందులో ఆక్సిజన్ అంతా మిగిలే ఉంది. సెన్సర్ ఏమనుకుంటుంది? "అబ్బో, ఎంత ఆక్సిజనో! చాలా పలచన!" అనుకుంటుంది. కంప్యూటర్ నమ్మి ఇంకా పెట్రోల్ పోస్తుంది. పక్క సిలిండర్లు చిక్కనైపోతాయి, కారు పెట్రోల్ వాసన కొడుతుంది, స్కానర్ మాత్రం పలచన అంటూనే ఉంటుంది. సెన్సర్‌కి ముందు పొగగొట్టానికి చిల్లు ఉన్నా ఇదే గోల, బయటి గాలి చిల్లులోంచి దూరి సెన్సర్‌ని మోసం చేస్తుంది.

ఇంజన్ వణుకుతోంది, స్కానర్ పలచన అంటోంది. అయితే పలచన వల్ల వణుకుతోందా, వణుకు వల్ల పలచన అని చూపిస్తోందా? మంచి మెకానిక్ ముందు ఈ ప్రశ్న వేసుకుంటాడు. నాలుగు సిలిండర్లూ సమానంగా వణుకుతున్నాయా, ఒక్కటేనా అని చూస్తాడు. ఒక్కటే అయితే ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ వైపు వెళతాడు. అన్నీ అయితే గాలి, పెట్రోల్ వైపు వెళతాడు.

అప్పుడు మళ్ళీ మన పాత ప్రశ్నే. ఆగి ఉన్నప్పుడు స్కానర్‌లో 25 శాతం చూపించి, ఇంజన్ వేగం 2500 చుట్లకు పెంచితే 4 శాతానికి దిగిందా? గాలి లాగుతోంది. ఆగి ఉన్నప్పుడు 3 శాతం ఉండి, రోడ్డు మీద బరువు లాగేటప్పుడు 22 అయిందా? పెట్రోల్ అందడం లేదు. లేకపోతే గాలిని కొలిచే సెన్సర్‌కి మురికి పట్టి తక్కువ లెక్క చెబుతోంది. ఒక చిన్న మెలిక: కొన్ని కార్లు వచ్చే గాలిని నేరుగా కొలుస్తాయి. కొన్ని లోపలి ఒత్తిడిని కొలిచి గాలి ఎంతో లెక్కవేస్తాయి. రెండో రకం కార్లో దొంగగాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే అలాంటి కారు గాలి లాగితే పలచన కోడ్ రాకుండా, ఊరికే ఐడ్లింగ్ పెరిగిపోయి గుయ్‌మని అరుస్తూ ఉండవచ్చు.

మెకానిక్‌తో మాట్లాడదాం

మెకానిక్ తాతయ్యకి తెలిసిన తెలుగాయన అనుకుందాం. "మామయ్యా" అని పిలువు, "మీరు" అను. తాతయ్యను "నువ్వు" అనే ఇళ్ళు చాలా ఉన్నాయి, తప్పు లేదు. బయటి పెద్దవాళ్ళను మాత్రం "మీరు" అనే అనాలి. ఆయన నిన్ను "నువ్వు" అంటాడు, "చెప్పమ్మా" అంటాడు. నువ్వు అబ్బాయివైనా "అమ్మా" అనే అంటాడు, ఆశ్చర్యపోకు. అది ముద్దు.

— చెప్పమ్మా, ఏంటి బండి కథ?
— మామయ్యా, తాతయ్య కారు మిస్సింగ్ కొడుతోంది.
— ఎప్పుడు? ఆగినప్పుడా, పోయేటప్పుడా?
— ఆగినప్పుడే. ఐడ్లింగ్ నిలబడటం లేదు. రోడ్డు ఎక్కితే బాగానే ఉంది.
— పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?
— రెండిట్లోనూ ఉంది. వేడెక్కాక ఇంకా ఎక్కువ.
— పెట్రోల్ వాసన వస్తోందా?
— రావడం లేదు. కానీ బానెట్ తీస్తే "స్‌స్" అని వినపడుతోంది, బ్రేకు వైపు.
— అబ్బో! సగం పని నువ్వే చేసేశావే. బ్రేకు తొక్కితే గట్టిగా ఉంటోందా?
— తాతయ్యని అడుగుతానుండండి... గట్టిగానే ఉంటోందట.
— అయితే బండి కదపొద్దను. నేనే వస్తా.

చివరి ప్రశ్న ఎందుకు వేశాడో తెలిసిందా? బ్రేకు బూస్టర్ ఇంజన్ పీల్చే బలంతోనే పనిచేస్తుంది. ఆ గొట్టం పగిలితే ఇంజన్ వణకడమే కాదు, బ్రేకు బండలా గట్టిపడుతుంది, కారు ఆపడానికి కాలి బలం చాలా కావాలి. అందుకే "కదపొద్దు" అన్నాడు.

"గట్టిగానే ఉంటోందట" లో చివర ఉన్న "ట" చూడు. తాతయ్య చెప్పిన మాట నువ్వు మోస్తున్నావని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. నువ్వు స్వయంగా బ్రేకు తొక్కి చూస్తే "గట్టిగా ఉంటోంది" అను. విని చెబితే "ఉంటోందట" అను. మెకానిక్‌కి ఈ తేడా చాలా ముఖ్యం.

చేసి చూడు

"-తే", "-కపోతే" వాడి ఖాళీలు నింపు. చోక్ మూసినప్పుడు ఇంజన్ (కుదురుకోవు) ______ జబ్బు పలచనే. (కుదురుకోవు) ______ ఇంకో కారణం వెతకాలి. గొట్టం (నొక్కు) ______ శబ్దం మారింది.

ఇంట్లో ఎవరినైనా కారు స్టార్ట్ చేయమని అడిగి, రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విను. గర్, గుయ్, టకటక, బుస్... నీకు వినపడిన శబ్దాలను తెలుగు అక్షరాల్లో రాయి. పుస్తకంలో ఉన్నవే రాయనక్కరలేదు, నీ చెవికి ఎలా వినపడితే అలా.

మూడు కార్లు వచ్చాయి. మొదటిది ఆగినప్పుడు వణుకుతోంది, పరిగెత్తితే బాగుంది. రెండోది వంతెన ఎక్కేటప్పుడు జెర్కులిస్తోంది, ఆగినప్పుడు హాయిగా ఉంది. మూడోది ఎప్పుడూ ఒకేలా "డగ్... డగ్... డగ్" అంటోంది, పెట్రోల్ వాసన కొడుతోంది, స్కానర్ మాత్రం పలచన అంటోంది. ఒక్కో కారు గురించి మెకానిక్ మామయ్యకు రెండేసి వాక్యాలు రాయి. మూడోదానికి ఏ భాగం మార్చకముందు ఏం చూడమని అడుగుతావో కూడా రాయి.